చావంటే భయం లేదు, నొప్పంటే ఉంది: నాన్నతో ఆఖరి నాలుగు నెలలు

మా నాన్న 2024 డిసెంబరు 11, బుధవారం తెల్లవారుజామున తెనాలి దగ్గర మా ఊళ్లో, మా ఇంట్లోనే పోయారు. క్లోమగ్రంథి క్యాన్సర్. వయసు 71. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. మాది మూడు తరాలుగా లూథరన్ క్రైస్తవ సంఘం. ఆయన పోయాక పెట్టిన ఆదరణ కూడికలో మాట్లాడిన వాళ్లంతా "ఆయన ఏ భయమూ లేకుండా వెళ్లిపోయారు" అన్నారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట విన్నవాళ్లు, ఇంట్లో ఇలాంటి రోగిని పెట్టుకుని మరి మా ఇంట్లో మనిషి ఎందుకు భయపడుతున్నాడు, మా విశ్వాసం చాల్లేదా అని కుమిలిపోతే మాత్రం అన్యాయం. ఆ నాలుగు నెలలు దగ్గరుండి చూశాను కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆగస్టు మొదట్లో కళ్లు పచ్చబడ్డాయి. ఒంటినిండా దురద, రాత్రంతా గోక్కోవడమే. కామెర్లంటే మా వైపు ముందు వెళ్లేది పసరు మందుకే. రెండు వారాలు పసరు తాగి, పత్యం చేశారు. తగ్గకపోగా మనిషి సగమయ్యారు. అప్పుడు విజయవాడ తీసుకెళ్లాను. రక్తంలో కామెర్ల తీవ్రత చూపే బిలిరుబిన్ 17 దాటింది. సీటీ స్కాన్‌లో క్లోమం తలభాగంలో గడ్డ, కాలేయంలో మచ్చలు కనిపించాయి. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందన్నారు.

మస్కట్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే వాడి మొదటి మాట, "అక్కా, నాన్నకి చెప్పొద్దు, తట్టుకోలేడు." పెదనాన్నదీ అదే మాట. సరే అని గ్యాస్ ట్రబుల్ ముదిరిందని, పిత్తనాళంలో రాయి ఉందని చెప్పాం. అమ్మకి కూడా అదే చెప్పాం. ఆ నాటకం మూడు వారాలు నడిచింది. ఆ మూడు వారాల్లో ఇంట్లో ప్రార్థన చేయడం నాకు నరకంగా ఉండేది. నాన్న కళ్లు మూసుకుని "ప్రభువా, నా కూతురికి ఈ తిరుగుడు తప్పించు" అంటుంటే, ఎదురుగా కూర్చున్న నేను ఆయనకే అబద్ధం చెబుతున్నాను.

గడ్డ వల్ల ఆగిన పిత్తరసం కిందికి దిగేలా నాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేయడానికి సెప్టెంబరు 2న రమ్మన్నారు. ఒకటో తారీఖున బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగిపోయాయి, రైళ్లు ఆగిపోయాయి. ఇంకో వారం ఆగాల్సి వచ్చింది. ఆ వారం దురదతో ఆయన పడ్డ బాధ తర్వాత వచ్చిన నొప్పి కంటే ఏమీ తక్కువ కాదు. కొబ్బరినూనె రాసేవాళ్లం, తడిగుడ్డతో తుడిచేవాళ్లం.

స్టెంట్ రోజున అసలు సంగతి బయటపడింది. ప్లాస్టిక్‌ది వేయాలా, మెటల్‌ది వేయాలా అని అడిగారు. మెటల్‌కి ఖర్చు చాలా ఎక్కువ. నాన్న మంచం మీది నుంచే, "ప్లాస్టిక్‌ది ఎన్నాళ్లు వస్తుందండీ?" అన్నారు. మూడు నెలలకు మూసుకుపోవచ్చు, అప్పుడు మార్చాలని డాక్టరుగారు చెప్పారు. నాన్న ఒక్క క్షణం ఆగి, "నాకు అది చాలదా?" అన్నారు.

ఎవరం మాట్లాడలేదు. డాక్టరుగారు కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుని, "ఎన్నాళ్లని నేను చెప్పలేను పెద్దాయనా. మెటల్‌దే వేయించుకోండి, మళ్లీ మళ్లీ ఈ యాతన ఎందుకు?" అన్నారు. అంతే, అన్నీ అర్థమైపోయాయి. బయటికొచ్చాక నాన్న నాతో, "బయట అంత పెద్ద బోర్డు మీద క్యాన్సర్ అని రాసుంటే గ్యాస్ ట్రబులంటావేమే? ముప్పై ఏళ్లు బోర్డులు చూసుకుంటూ బండి నడిపినోణ్ణి" అని నవ్వారు. నేను ఏడ్చాను. ఆసుపత్రి, మందులు, పరీక్షలతో కలిపి ఆ విడతకు తొంభై వేలు దాటింది.

పసుపు తగ్గాక కీమో సంగతి వచ్చింది. కొన్ని నెలలు కలిసిరావచ్చు, రాకపోవచ్చు, నీరసం మాత్రం బాగా ఉంటుందన్నారు. నాన్న రెండు రోజులు టైం అడిగారు. ఆ రెండు రోజులూ ఉపవాసం చేద్దామనుకున్నారు గానీ అమ్మ చేయనివ్వలేదు. మూడో రోజు పొద్దున వద్దని చెప్పేశారు. "చావుకు ఒప్పేసుకున్నావా?" అని తమ్ముడు ఫోన్‌లో గొడవపడ్డాడు. "చావును ఆపుతానంటే చేయించుకుంటానురా. దాన్ని నాలుగు బస్సు స్టేజీలు వెనక్కి నెట్టడానికి ఇక్కడ ఊరికే వాంతులు చేసుకుంటూ కూర్చోనా?" అన్నారు. కీమో చేయించుకోవడం తప్పని నేను అనడం లేదు. వయసు, రోగం, మనిషి ఓపికను బట్టి ఎవరి నిర్ణయం వాళ్లది. మా సంఘంలోనే ఒకామె చేయించుకుని ఇవాళ్టికీ ఆదివారం గుడికి వస్తున్నారు. ఆమెది వేరే క్యాన్సర్.

తమ్ముడితో ఇంకో మాట కూడా అన్నారు. "రావాలనుకుంటే ఇప్పుడే రా. తర్వాత వస్తే నిన్ను నేను చూసేదేముంది?" వాడు అక్టోబరులో వచ్చి రెండు వారాలు ఉన్నాడు. ఇద్దరూ కలిసి సైన్ చేయాల్సిన కాగితాలన్నీ చేశారు. బ్యాంకు నామినీలు, పొలం పాస్‌బుక్, పెన్షన్ కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టారు. వాడి చేత గడ్డం గీయించుకున్నారు, గోళ్లు తీయించుకున్నారు. వెళ్లే రోజు ఎయిర్‌పోర్టుకి కారెక్కుతుంటే, "మళ్లీ ఆ రోజుకి పరుగెత్తుకుని రావద్దు. టికెట్ డబ్బులు అమ్మకి పంపు" అన్నారు. వాడు కారులో కూర్చున్నాక ఏడ్చాడట, డ్రైవరు తర్వాత చెప్పాడు.

అదే నెలలో ఒక సాయంత్రం సమాధుల తోటకు తీసుకెళ్లమన్నారు. ఆటోలో వెళ్లాం. మా నాయనమ్మ సమాధి పక్కన స్థలం చూపించి, "ఇక్కడ పెట్టండి. తల కాస్త ఆ గోడ వైపు వచ్చేట్టు చూడండి, వర్షం నీళ్లు ఇటు నిలుస్తాయి" అన్నారు. అమ్మ దూరంగా నిలబడిపోయింది, దగ్గరికి రాలేదు. నాకైతే విచిత్రంగా అక్కడే కాస్త ఊపిరాడింది. ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అక్కడ మామూలు మాటైపోయింది.

మాకెవరూ ముందు చెప్పని సంగతి ఒకటి రాస్తాను. సమాధి స్థలం కావాలంటే సంఘ చందా బాకీ ఉండకూడదు. మాకు కొన్నేళ్ల బాకీ ఉంది. కమిటీవాళ్లు మర్యాదగానే చెప్పారు గానీ, చనిపోయాక ఆ లెక్కలు తేల్చుకోవాల్సి వస్తే ఎంత ఇబ్బందో ఊహించుకోండి. నాన్న బతికుండగానే కట్టేసి రసీదు తీసుకుని అదే ఫైల్లో పెట్టారు.

అక్టోబరు మూడో వారంలో నొప్పి మొదలైంది. పొట్టలోంచి వీపులోకి పొడిచే నొప్పి. అప్పటిదాకా వాడిన మాత్రలు పనిచేయలేదు. నాన్న ధైర్యమంతా ఆ వారం రోజుల్లో కరిగిపోయింది. మనిషి ముడుచుకుని పడుకునేవారు. వాక్యం చదువుతానంటే "తర్వాత చదువుదువులే" అనేవారు. ఒక రాత్రి లైటు ఆర్పబోతే వద్దన్నారు. పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి, "చచ్చిపోతానని కాదమ్మా నా భయం. అక్కడికెళ్లాక సంగతి ఆయన చూసుకుంటాడు. వెళ్లేలోపు ఊపిరాడక కొట్టుకుంటానేమో, మీ ముందు అరుస్తానేమో, దేవుడి మీద ఏదైనా మాట జారతానేమో అని" అన్నారు.

నాకేం చెప్పాలో తెలియలేదు. మర్నాడు మా సంఘం పాస్టరు అయ్యగారికి చెప్పాను. ఆయన వచ్చి నీతులేమీ చెప్పలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సెమనే తోటలో యేసు ప్రభువు చెమట రక్తబిందువుల్లా కారిందన్న భాగం చదివి, "ఆయనకే అంత వేదన కలిగితే మీకు కలగడం అవిశ్వాసం ఎలా అవుతుంది అన్నా?" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నొప్పికి మంచి మందు ఉంటుందమ్మా, గుంటూరులో ఇస్తారు. ఎందుకు ఆలస్యం చేస్తున్నారు?" అని అడిగారు. పాలియేటివ్ కేర్ (రోగం నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యం) అనే పేరు నేను మొదటిసారి విన్నది డాక్టరు దగ్గర కాదు, మా పాస్టరుగారి దగ్గర.

ఆ మందు మార్ఫిన్. నాకు ఆశ్చర్యమేసింది దాని ధర చూసి. అప్పటిదాకా వాడిన ఖరీదైన మాత్రల ముందు అది దాదాపు ఉచితం కింద లెక్క. కానీ మామూలు మందుల షాపుల్లో దొరకదు. ఒక షాపులో చీటీ చూపిస్తే నన్నేదో దొంగను చూసినట్టు చూశారు. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించి సులభం చేశారంటారు గానీ, గుర్తింపు ఉన్న ఆసుపత్రులే ఇవ్వాలి. రోగి వివరాలు, తీసుకెళ్లేవాళ్ల గుర్తింపు కార్డు, అన్నీ రాసుకుని లెక్కపెట్టి ఇస్తారు. మిగిలితే తెచ్చి అప్పగించాలి. మొదటిసారి వెళ్లినప్పుడు పొద్దున పోతే సాయంత్రమైంది. తర్వాత గంటలో అయిపోయేది.

మాత్రలు తెచ్చాక నాన్న వేసుకోనన్నారు. మత్తులో ఉంటే ప్రార్థన ఎలా చేస్తానని ఆయన బాధ. ఇంకో కారణం కూడా చెప్పారు. సిలువ దగ్గర నొప్పి తెలియకుండా బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే ప్రభువు పుచ్చుకోలేదు కదా, నేను పుచ్చుకోవచ్చా అని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయ్యగారికే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఆయన నవ్వి, "ఆయన పుచ్చుకోలేదు గానీ మనల్ని పుచ్చుకోవద్దనలేదు. సామెతల గ్రంథం 31 తీయండి, ప్రాణం పోతున్నవాడికి ఏమివ్వమని ఉందో చదవండి" అన్నారు. అలాంటివాడికి మద్యం ఇవ్వండని ఉన్న ఆ మాట నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చదువుకున్నారు. పుస్తకం మూసి, "నీళ్లు ఇవ్వమ్మా" అన్నారు.

నాలుగు గంటలకోసారి టైం ప్రకారం వేయాలి, నొప్పి వచ్చాక కాదు. దీనికి ఫోన్‌లో అలారం పెట్టుకున్నాం. మొదటి మూడు రోజులు బాగా నిద్ర, కాస్త వికారం. మేం భయపడ్డాం గానీ తర్వాత తేరుకున్నారు. మలబద్ధకం మాత్రం పోదు, దానికి మందు మొదటి రోజు నుంచే వాడాలి. చుట్టాల్లో ఒకరు "ఆ మందు వేస్తే తొందరగా పోతారు" అని అమ్మను బెదిరించారు. పాలియేటివ్ డాక్టరమ్మ అమ్మను కూర్చోబెట్టి, సరైన మోతాదులో అది ప్రాణం తీయదని, నొప్పి తీస్తుందని ఓపిగ్గా చెప్పింది. నాలుగో రోజు నాన్న తనంతట తాను బైబిలు అడిగి తీసుకున్నారు. విశ్వాసం మందును పక్కకు నెట్టాలని చెప్పేవాళ్లు ఆ పొద్దున మా ఇంట్లో ఉండాల్సింది.

అదే డాక్టరమ్మ దగ్గర నాన్న ఇంకో పని చేశారు. చివరి రోజులు ఎలా ఉంటాయో ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. నేను లేచి వెళ్లబోతే కూర్చోమన్నారు. తిండి తగ్గిపోతుంది, బలవంతం చేయొద్దు. నిద్ర పెరుగుతుంది. ఊపిరి ఆగి ఆగి వస్తుంది. గొంతులో గురగుర చప్పుడు రావచ్చు, అది వినేవాళ్లకు కష్టం గానీ ఆయనకు చాలావరకు తెలియదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, దానికీ మందుంది అని చెప్పింది. ఊపిరాడక కొట్టుకుంటానా అని అడిగారు. "అలా అనిపిస్తే తగ్గించడానికి మా దగ్గర మందులున్నాయి, ఫోన్ చేయండి" అంది. ఆ రాత్రి లైటు ఆర్పేయమన్నారు. గాఢాంధకారపు లోయలో నడిచినా నువ్వు తోడుంటావనే ఇరవై మూడో కీర్తన చెప్పుకుని, "లోయే లేకుండా చేస్తానని లేదమ్మా అందులో, తోడుంటానని ఉంది" అన్నారు. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన కీర్తన, నేనెప్పుడూ అలా ఆలోచించలేదు.

నవంబరు మధ్యలో మా దూరపు బంధువులు ఒక స్వస్థత బోధకుణ్ణి తీసుకొచ్చారు. పేరు అనవసరం. ప్రార్థన నూనె తెచ్చాడు, తల మీద చెయ్యి పెట్టి గట్టిగా అరిచి ప్రార్థించాడు. ఈ ఇంట్లో ఎక్కడో ఒప్పుకోని పాపం ఉందన్నాడు. మందులు ఆపేసి నమ్మితే క్రిస్మస్‌కి నడుచుకుంటూ గుడికొస్తారన్నాడు. బైబిల్లో రోగంతో పడున్న హిజ్కియా రాజుకి దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు పెంచలేదా అని అడిగాడు. అమ్మ ముఖంలో ఆశ చూసి నాకు కడుపు మండిపోయింది. నాన్న గొంతు అప్పటికే పీలగా ఉండేది. "పెంచాడు బాబూ. పెంచుతూ అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద వేయమన్నాడు. నువ్వు ఆ ముద్ద సంగతి వదిలేశావు" అన్నారు. అతను కానుక కవరు తీసుకునే వెళ్లాడనుకోండి. అమ్మ మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఒప్పుకోని పాపం అన్న మాట ఆమెను పట్టుకుంది. ఇలాంటి ఇంటికి వచ్చి ప్రార్థన చేసేవాళ్లకు ఒక్క మనవి. మీరు వెళ్లిపోయాక ఆ మాటతో ఉండాల్సింది మేము.

దానికి పూర్తి వ్యతిరేకంగా, నాన్నతో పాతికేళ్లు ఒకే బండిలో డ్యూటీ చేసిన కండక్టర్ బాబాయ్ వారానికోసారి తెనాలి నుంచి వచ్చేవాడు. ఆయన వెంకటేశ్వరస్వామి భక్తుడు. ఏ ఉపదేశమూ లేదు, పాత ట్రిప్పుల సంగతులు చెప్పి కాళ్లు పట్టేవాడు. ఒకరోజు "నిజంగా భయం లేదటోయ్?" అని అడిగేశాడు. నాన్న, "నువ్వు రైట్ అనకుండా నేనెప్పుడైనా బండి తీశానా? ఇప్పుడూ అంతే, వెనకాల ఉన్నాయన చెప్పేదాకా నాకు తొందర లేదు" అన్నారు. బాబాయ్ నవ్వబోయి బయటికి వెళ్లిపోయాడు.

డిసెంబరు మొదటి ఆదివారం అయ్యగారు ఇంటికొచ్చి ప్రభు భోజన సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చారు. అప్పటికి నీళ్లు కూడా చెంచాతో పోస్తున్నాం. రొట్టె మింగలేరని నేను టెన్షన్ పడుతుంటే, అయ్యగారు ఆవగింజంత తుంచి ద్రాక్షారసంలో తడిపి నాలుక మీద పెట్టారు. అలా ఇవ్వొచ్చని నాకు తెలియదు. మీ ఇంట్లో రోగి మింగలేకపోతే ఈ సంగతి ముందే పాస్టరుగారితో చెప్పండి, సిగ్గుపడి మానేయకండి.

చివరి మూడు రోజులు డాక్టరమ్మ చెప్పినట్టే జరిగాయి. అందుకే 108కి ఫోన్ చేయలేదు, ఐసీయూకి పరుగెత్తలేదు. చుట్టాలు "సెలైన్ అయినా పెట్టించరా?" అని అడుగుతూనే ఉన్నారు. తడి దూదితో పెదాలు తుడిచాం. గురగుర మొదలైన రాత్రి చాలా కష్టంగా గడిచింది, చెప్పి ఉంచినా కష్టమే. పక్కకు తిప్పి, ఫోన్‌లో చెప్పిన ప్రకారం మందు ఇప్పిస్తే కొంత తగ్గింది. అమ్మ, నేను, పిన్ని కీర్తనలు పాడుతూ ఉన్నాం. గొంతులు పోయాయి, శ్రుతీ లేదు. పాదాలు చల్లబడ్డాయి. నాలుగున్నరకి ఊపిరి ఆగి, మళ్లీ వచ్చి, మళ్లీ ఆగింది. ఇంకోటి వస్తుందని చూస్తూ కూర్చున్నాం. ఆయన ముఖంలో భయమైతే లేదు. వెలుగు కనిపించిందనీ, దేవదూతలు వచ్చారనీ నేను రాయలేను. నాకేమీ కనపడలేదు.

తర్వాత అంతా పరుగు. ఫ్రీజర్ బాక్సుకు రోజుకి మూడు వేలు, పెట్టెకు పద్నాలుగు వేలు, గొయ్యి తవ్వి ఇటుక కట్టినవాళ్లకు, షామియానాకు, భోజనాలకు కలిపి మాకు డెబ్భై వేల దాకా అయింది. ఆయన ముందే చెప్పినట్టు ఫ్లెక్సీ వేయలేదు. తమ్ముడు రాలేదు, వీడియో కాల్‌లో చూశాడు. కొడుకు రాకపోవడమేంటని ఊళ్లో అన్నవాళ్లు అన్నారు. నేను వాళ్లందరికీ సంజాయిషీ చెబుతూ కూర్చోలేదు. ఇంటి ముందు క్రిస్మస్ స్టార్ అప్పటికే కట్టి ఉంది. చావింట్లో స్టార్ ఏంటి, తీసేయమని ఒక పెద్దాయన అన్నాడు. "ఆయన కట్టించిందే, ఉండనివ్వండి" అంది అమ్మ. శవాన్ని ఆ స్టార్ కిందనుంచే తీసుకెళ్లాం.

ఆ తర్వాతి పనులు: మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి గుంటూరులో అప్పగించి వచ్చాను. ఇంట్లో పోయినా మరణ నమోదు తప్పదు, 21 రోజుల్లోపు పంచాయతీలో చెబితే రుసుము ఉండదు. చికిత్స కాగితాలు దగ్గరుంటే అడిగిన ప్రశ్నలకు జవాబు తేలిక. అమ్మకు రావాల్సిన పెన్షన్ కోసం పీఎఫ్ ఆఫీసులో ఫారం 10డి ఇచ్చాం. ఫైల్లో అన్నీ ఉన్నాయి గానీ, ఆధార్‌లో అమ్మ పేరు ఒక అక్షరం తేడా ఉండటంతో అక్కడ ఆగింది. దిద్దించడానికే నెల పట్టింది.

నా సంగతి అడిగితే, జనవరిలో కడుపులో కాస్త మంట వస్తే ఎవరికీ చెప్పకుండా వెళ్లి స్కాన్ తీయించుకున్నాను. ఏమీ లేదు. భయం నాకింకా ఉంది. నాన్నకు ఉన్న ధైర్యం నాకు ఇంకా రాలేదు, కూతురిని కాబట్టి దానంతటదే వస్తుందనీ అనుకోవడం లేదు.

అమ్మ మాత్రం మొదటి పెన్షన్ డబ్బు చేతికి రాగానే కమిటీ ట్రెజరర్ ఇంటికి వెళ్లింది. తన పేరు మీద ఏడాది చందా ముందుగానే కట్టి, నాన్న పక్క స్థలం ఇంకెవరికీ ఇవ్వొద్దని పుస్తకంలో రాయించి, రసీదు తెచ్చి నాకిచ్చి, "ఆ ఫైల్లోనే పెట్టవే" అంది.